ఇంట్లో చూసుకోవాల్సిన మనిషి ఉన్న ఉద్యోగి పట్ల మేనేజర్ల తీరు

సంపాదకులు గారికి,

నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని ప్రైవేటు ఆసుపత్రులు, కళాశాలలు, మిల్లులు, మడికొండ వైపు వెలిసిన సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు తమ సిబ్బంది కోసం జరుపుతున్న వేడుకల వార్తలు ఈ మధ్య మీ జిల్లా పేజీలలో తరచుగా కనిపిస్తున్నాయి. బతుకమ్మకు ముగ్గుల పోటీ, నెలకోసారి పుట్టినరోజుల కేకు, ఏడాదికోసారి ఉత్తమ ఉద్యోగి షీల్డు, వీటన్నింటికీ కలిపి సిబ్బంది వ్యవహారాలు చూసే హెచ్‌ఆర్ విభాగం వారు పెట్టుకున్న పేరు ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్. ఉద్యోగి మనసు పెట్టి పనిచేయాలన్నదే దాని ఉద్దేశం కనుక ఆ వేడుకల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అయితే ఈ ప్రాంతంలోనే మిల్లుల్లోనూ ఆసుపత్రుల్లోనూ చాలా ఏళ్లు సిబ్బంది వ్యవహారాలు చూసి, ఇప్పుడు అప్పుడప్పుడు ఎంబీఏ విద్యార్థులకు కార్మిక చట్టాలు చెబుతున్న నాకు తెలిసినంతలో, మంచి ఉద్యోగి మనసు పని మీది నుంచి తొలగిపోవడానికి కేకు కోయకపోవడం ఏనాడూ కారణం కాలేదు. ఇంట్లో పసిబిడ్డో, మంచాన పడ్డ తండ్రో, డయాలసిస్ మీద ఉన్న అత్తగారో, వైకల్యం ఉన్న కొడుకో ఉన్న ఉద్యోగిని పై అధికారి అనుమానంగా చూడటం మొదలుపెట్టినప్పుడు ఆ మనసు విరుగుతుంది. అలా చూడటం వివక్ష అంటే మన మేనేజర్లు ఒప్పుకోరు. ఈ లేఖ ఆ సంగతి గురించే.

ఒక ఉదాహరణ చెబితే విషయం తేటపడుతుంది. ఊరు, సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో చాలా కాలంగా పనిచేస్తున్న సీనియర్ టెక్నీషియన్‌కు ఇన్‌చార్జి బాధ్యత రావాల్సిన తరుణంలోనే ఆమె అత్తగారికి మూత్రపిండాలు దెబ్బతిని వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. అత్తగారికి దొరికిన స్లాటు మధ్యాహ్నం కనుక మంగళ, గురు, శనివారాల్లో తనకు ఉదయం డ్యూటీ వేయమని, అందుకు బదులు ఆదివారాలు తాను వస్తానని ఆమె అడిగింది. అడిగింది సెలవు కాదు, డ్యూటీ మార్పు మాత్రమే. మేనేజరు మంచివాడే. "నీకిప్పటికే ఇంట్ల మస్తు కష్టమున్నదమ్మా, ఇంకా ఈ ఇన్‌చార్జి బరువు నీ నెత్తిన పెట్టుడెందుకు" అని ఆ బాధ్యతను ఆమె కన్నా ఎంతో వెనక చేరిన అబ్బాయికి అప్పగించాడు. ఇన్‌చార్జికి నెలనెలా వచ్చే అలవెన్సు ఆమెకు రాకుండా పోయింది. ఆ ఏడాది అప్రైజల్ ఫారంలో ‘కమిట్‌మెంట్’ అన్న గడిలో అయిదుకు రెండు మార్కులు పడ్డాయి. ఆమెను ఎవరూ తిట్టలేదు, ఉద్యోగం నుంచి తీసేస్తామనీ అనలేదు. కానీ అంతకు ముందు మిషన్ రీడింగులో తేడా వస్తే ఎవరూ అడగకుండానే పొద్దుపోయేదాకా ఉండి సరిచేసి పోయిన మనిషి, ఆ తర్వాత డ్యూటీ ముగిసిన నిమిషంలో బయోమెట్రిక్ మీద వేలు పెట్టి వెళ్లిపోవడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్లకు మరో ల్యాబులో చేరింది. ఆమె స్థానంలోకి వచ్చిన కొత్తవారికి పని నేర్పడానికి ఆసుపత్రికి అయిన ఖర్చు, ఇవ్వకుండా మిగుల్చుకున్న అలవెన్సు కన్నా చాలా ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ మేనేజరు చేసిన తప్పు దయ చూపడం కాదు, ఆమెను అడగకుండా ఆమె తరఫున తానే నిర్ణయం తీసుకోవడం, ఆ మీదట ఆమె చేసిన పనిని వదిలి ఆమె ఇంటి పరిస్థితికి మార్కులు వేయడం. కోపంతో చేసినా జాలితో చేసినా జీతం మీద పడే దెబ్బ ఒక్కటే. అమెరికాలోని సమాన ఉద్యోగావకాశాల కమిషన్ 2007 మే నెలలో, సంరక్షణ బాధ్యతలున్న ఉద్యోగుల విషయమై యజమానులకు ఇచ్చిన మార్గదర్శకాలలో ఈ జాలి వివక్షను విడిగా ప్రస్తావించింది. పసిబిడ్డ తల్లికి ఇదే మంచిదని యజమాని తనంతట తానే ఊహించుకుని ఆమెను ముఖ్యమైన పని నుంచి తప్పిస్తే అది కూడా స్త్రీ పట్ల వివక్షే అవుతుందని అందులో ఉంది. చిత్రమేమిటంటే సంరక్షకులు అన్న పేరుతో అందరికీ వర్తించే సమాఖ్య చట్టం ఆ దేశంలో కూడా లేదు. లింగ వివక్షను నిషేధించే చట్టం, వైకల్యం ఉన్న మనిషికి బంధువైనందుకు ఉద్యోగిపై చూపే వివక్షను నిషేధించే చట్టం, 50 మందికి తగ్గని సంస్థల్లో ఏడాదికి 12 వారాలు జీతం లేని సెలవును, ఉద్యోగం పోదన్న హామీతో ఇచ్చే 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం, ఈ మూడింటినీ జోడించే అక్కడి న్యాయస్థానాలు ఇటువంటి తగవులు తీరుస్తున్నాయి.

ఉద్యోగి పనిలో మనసు పెట్టడమన్న భావనకు నిర్వహణ శాస్త్రంలో పునాది వేసిన విలియం కాన్ 1990లో ప్రచురించిన వ్యాసాన్ని మన హెచ్‌ఆర్ విభాగాల వారు ఒకసారి చదివితే బాగుండును. వేసవి శిబిరంలో పిల్లలను చూసుకునే సిబ్బందిని, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులను పరిశీలించి ఆయన తేల్చింది, మనిషి తనను తాను పనికి అప్పగించుకోవడానికి మూడు కావాలని: చేసే పనికి విలువ ఉందనిపించాలి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పుకుంటే తనకు చెరుపు జరగదన్న నమ్మకం ఉండాలి, పనికి ఇవ్వడానికి ఒంట్లోనూ మనసులోనూ సత్తువ మిగిలి ఉండాలి. మన ల్యాబు టెక్నీషియన్‌కు మూడవది కొంత తగ్గిన మాట నిజమే. డ్యూటీ చార్టులో మూడు గడులు మార్చి ఉంటే అది నిలబడేది. దాన్ని నిలబెట్టకపోగా ఆసుపత్రి ఆమెకున్న రెండవదాన్ని, అంటే నమ్మకాన్ని, చేజేతులా పోగొట్టింది. ఆమె ఒక్కదానికే కాదు, అదే ల్యాబులో ఈ తతంగమంతా చూస్తున్న వారందరికీ పోగొట్టింది.

ఆ నమ్మకం పోయిన చోట ఏం జరుగుతుందో సెలవు చీటీలు చదివేవారికి తెలుసు. తల్లికి స్కానింగు చేయించడానికి వెళ్లేవారు ‘నాకు జ్వరం’ అని రాస్తారు. బిడ్డను ఫిజియోథెరపీకి తీసుకుపోయేవారు ‘స్వంత పని’ అని రాస్తారు. తెలిసిన డాక్టరు దగ్గర దొంగ సర్టిఫికెట్లు పుడతాయి. మేనేజరుకు ఆ అబద్ధం బయటపడగానే ఈ మనిషి నమ్మదగినవాడు కాదని ఫైలులో చేరుతుంది. నిజం చెబితే కమిట్‌మెంట్ లేదంటారు, అబద్ధం చెబితే నిజాయితీ లేదంటారు. ఇందులో సగం తప్పు వ్యవస్థది కూడా. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ పథకం కింద కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం భృతి వస్తుంది, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు వైద్యమూ దొరుకుతుంది. కానీ వారి మంచం పక్కన కూర్చోవడానికి పోయిన రోజు కూలికి మాత్రం పైసా రాదు. జబ్బు తనదని చెప్పుకోవడమే లాభసాటి అయినప్పుడు మనిషి ఏం చెబుతాడో ఊహించడం కష్టం కాదు.

ఇది ఆడవారి సమస్య అనుకునేవారు మరొకటి గమనించాలి. పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసే ఒక నడివయసు ఉద్యోగి తండ్రికి పక్షవాతం వచ్చింది. ఉదయం పూట ఎత్తి కూర్చోబెట్టి, స్నానం చేయించి, వ్యాయామం చేయించడానికి తగిన బలం ఉన్న మనిషి ఆ ఇంట్లో అతనొక్కడే. సీజనులో ఉదయం గంట ఆలస్యంగా వచ్చి రాత్రి రెండు గంటలు ఎక్కువ ఉంటానన్నాడు. యజమాని నుంచి వచ్చిన జవాబు: "ఇంట్ల ఆడోళ్లు లేరా?" ఉన్నారు. భార్య టీచరు, ఆమె బడి కూడా ఉదయమే తెరుస్తారు. ఆ ఒక్క ప్రశ్న ఇద్దరి ఉద్యోగాలను కించపరిచింది. రోగిని చూసుకోవడం మగవాడి పని కాదని అతనికి చెప్పింది, అలా చూసుకోవాల్సి వస్తే వదులుకోదగినది ఆమె ఉద్యోగమేనని కూడా చెప్పింది. అతడు మళ్లీ అడగలేదు. ఎదురుగా ఉన్న టీ హోటలువాడి కొడుక్కి నెలకింత ఇచ్చి ఉదయం పూట సాయం పెట్టుకున్నాడు.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల వయసు స్త్రీలలో 41 శాతం మంది, పురుషులలో 21.4 శాతం మంది ఇంట్లోని వారి సంరక్షణలో పాలుపంచుకున్నారు. అలా పాలుపంచుకున్న స్త్రీలు అందుకు రోజుకు సుమారు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చించారు. వంట, ఇల్లు ఊడ్చడం, బట్టలు ఉతకడం వంటి పనులు ఈ లెక్కలో లేవు, అవి వేరే పద్దు. స్త్రీల మీద భారం ఎంత ఎక్కువో ఈ అంకెల్లో కనిపిస్తూనే ఉంది. నేను ఎత్తి చూపదలచుకున్నది రెండో అంకె. మగవారిలో అయిదుగురిలో ఒకరు ఈ పని చేస్తున్నారు, కానీ వారి సంగతి ఏ కార్యాలయ దస్త్రంలోనూ లేదు, ఎందుకంటే వారు చెప్పరు, చెబితే నవ్వుతారని తెలుసు. ఇంటర్వ్యూలో "పిల్లలెంత మంది, నువ్వు డ్యూటీకి వస్తే ఎవరు చూసుకుంటారు" అన్న ప్రశ్న ఆడపిల్లకే ఎదురవుతుంది. అదే బెంచీ మీద పక్కన కూర్చున్న, ఇద్దరు పిల్లల తండ్రి అయిన అభ్యర్థిని ఆ మాట అడగగా నేను ఎన్నడూ వినలేదు. అడగకూడని ప్రశ్న అని చెబితే "ఊరికే పరిచయానికి అడిగినం సార్" అంటారు. పరిచయానికే అయితే ఇద్దరినీ అడగవచ్చు కదా.

మన ఉత్తర తెలంగాణలో ఈ భారానికి తనదైన రూపం ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవారు దశాబ్దాలుగా గల్ఫ్‌కు పోతున్నారు. అత్తమామల మందుల నుంచి పిల్లల బడి దాకా ఇంటి దగ్గర ఉన్న కోడలి మీదే నడుస్తాయి, ఆ కోడళ్లలో నర్సులు, టీచర్లు, షోరూముల్లో సేల్స్ చేసేవారు, బీడీ కంపెనీల్లో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిన ఇళ్లలో, ఇక్కడే ఉద్యోగం చేస్తున్న ఒక్క కొడుకో కూతురో తల్లిదండ్రులకు దిక్కు. జబ్బు ముదిరితే హైదరాబాదులోని నిమ్స్‌కో, క్యాన్సర్ అయితే ఎంఎన్‌జే ఆసుపత్రికో కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కాలి. అక్కడ ఓపీ చీటీ, పరీక్షలు, రిపోర్టులు అయ్యేసరికి ఒక్క రోజు సీఎల్ చాలదు. ఇంకో విచిత్రం చెబుతాను. ఏ ఆసుపత్రిలో రోగిని చేర్చుకున్నా మొదట అడిగేది "అటెండర్ ఎవరున్నరు" అనే. రాత్రీ పగలూ మంచం పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. అదే ఆసుపత్రి తన సొంత నర్సు తల్లి పక్కన అటెండరుగా ఉండాల్సి వస్తే మాత్రం సెలవు ఇవ్వడానికి వంద ప్రశ్నలు వేస్తుంది.

చట్టంలో ఉన్నదాన్ని కూడా మేనేజర్లు సగమే తెలుసుకుంటున్నారు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచిందని అందరికీ తెలుసు. 50 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని, బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలని, ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఆ గైర్హాజరు కారణంగా తొలగించడం చెల్లదని ఉన్న సంగతులు నేను కలిసిన మేనేజర్లలో చాలా తక్కువ మందికే తెలుసు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ వీటిని అలాగే తనలో చేర్చుకుంది. పిల్లల కేంద్రాన్ని ఒక్కో సంస్థ విడివిడిగా పెట్టుకోలేకపోతే కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడిగా నడపవచ్చని కూడా అందులో స్పష్టంగా ఉంది. "26 వారాల జీతం నా జేబులకెళ్లి పోతది, అందుకే పెండ్లయిన పిల్లను తీసుకోను" అని బాహాటంగా అనే యజమానులు మన దగ్గర ఉన్నారు. నెలకు 21 వేల రూపాయల వరకు జీతం తీసుకుంటూ ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికురాలికి ఆ భృతి చెల్లించేది ఈఎస్‌ఐ సంస్థే కానీ యజమాని కాదని వారికి ఎవరైనా చెప్పాలి. మన మిల్లుల్లో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవారిలో అత్యధికుల జీతం ఆ పరిమితి లోపలే ఉంటుంది.

సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ విషయంలో వరుసగా మాట్లాడుతూనే ఉంది. చండీగఢ్‌లోని కేంద్ర వైద్య సంస్థలో పనిచేసే ఒక నర్సు, భర్తకు మొదటి పెళ్లి ద్వారా కలిగిన పిల్లల కోసం అంతకు ముందు శిశు సంరక్షణ సెలవు వాడుకున్నదన్న కారణంతో ఆమె సొంత కాన్పుకు ప్రసూతి సెలవు నిరాకరిస్తే, 2022 ఆగస్టులో ఆ నిర్ణయాన్ని కొట్టివేసి, కుటుంబం అంటే ఒక్క తీరుగానే ఉండాలని లేదని చెప్పింది. 2023 ఆగస్టులో, కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తి కాలానికి చెల్లించాల్సిందేనని చెప్పింది, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు సిబ్బందితో నడుస్తున్న మన కళాశాలలు, కార్యాలయాలు గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఇది. 2024 ఏప్రిల్‌లో, పుట్టుకతో ఎముకల వ్యాధి ఉన్న కొడుకును చూసుకోవడానికి సెలవు దొరకని హిమాచల్‌ప్రదేశ్ ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలి కేసులో, ఉద్యోగాల్లో స్త్రీల భాగస్వామ్యం దయాధర్మం కాదు, రాజ్యాంగం కోరుతున్న విషయమని స్పష్టం చేసింది.

అయితే ఈ తీర్పులన్నీ తల్లుల గురించే, అందులోనూ ఎక్కువ భాగం ప్రభుత్వ ఉద్యోగాల గురించే. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజులు, మన రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 90 రోజులు పిల్లల సంరక్షణ సెలవు ఉంది. ప్రైవేటు సంస్థలో పనిచేసే కొడుకు మంచాన పడ్డ తండ్రి కోసం, కూతురు మతిమరుపు వ్యాధి వచ్చిన తల్లి కోసం అడిగే వెసులుబాటుకు మాత్రం చట్టంలో చోటు లేదు, అడిగినందుకు ప్రమోషన్ ఆపితే ప్రశ్నించే దారీ లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ఇచ్చే ఉద్యోగ సమానత్వం ప్రభుత్వ కొలువులకే పరిమితం. కుటుంబ బాధ్యతలున్న కార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 156వ ఒప్పందాన్ని మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. కొత్త సామాజిక భద్రతా కోడ్ ఉద్యోగిని మీద ఆధారపడిన అత్తమామలను కూడా ఆమె కుటుంబంలో భాగంగా గుర్తించింది, సంతోషమే, కానీ ఆ అత్తగారిని డయాలసిస్‌కు తీసుకుపోవడానికి ఒక్క పూట ఇవ్వలేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే, తన మీద ఆధారపడిన వారి సంరక్షణకు ఏడాదికి ఒక వారం సెలవు హక్కుగా వచ్చింది. జీతం లేని సెలవే అయినా, అడిగిన వారిని అందుకు శిక్షించడం అక్కడ నేరుగా చట్టవిరుద్ధం.

ఇటు మన రాష్ట్రంలో, తల్లిదండ్రులను పట్టించుకోని ఉద్యోగుల జీతంలో కోత పెట్టి ఆ సొమ్మును నేరుగా ఆ తల్లిదండ్రులకే జమ చేసే చట్టం తెస్తామని 2025 అక్టోబరులో ముఖ్యమంత్రి ప్రకటించారు. పిల్లలు తల్లిదండ్రులను పోషించాలన్న కేంద్ర చట్టం 2007 నుంచీ ఉన్నదే. కన్నవారిని వదిలేసిన వారిని దండించడాన్ని ఎవరూ కాదనరు. కానీ వదిలేయకుండా చూసుకుంటున్న వారి జీతం కూడా ఇప్పుడు కోతకు గురవుతూనే ఉంది, ఆ కోతకు లాస్ ఆఫ్ పే అని, తక్కువ రేటింగ్ అని, ఆగిన ఇంక్రిమెంట్ అని పేర్లున్నాయి. తల్లిని చూడకపోతే ప్రభుత్వం కోస్తుంది, చూస్తే కంపెనీ కోస్తుంది అన్నట్టుగా ఉన్న ఈ పరిస్థితిని పాలకులు ఆలోచించాలి.

ఇంతగా రాసిన తర్వాత మేనేజర్ల పక్షాన ఉన్న మాటలూ చెప్పాలి. ఎనిమిది మందితో నడిచే డయాగ్నస్టిక్ సెంటరులో ఒకరు తప్పుకుంటే ఆ భారం మిగిలిన ఏడుగురి మీద పడుతుంది. ముఖ్యంగా పెళ్లికాని వారి మీద పడుతుంది, "నీకేముంది, ఒంటరివాడివి" అని ప్రతి పండుగ డ్యూటీ వారికే వేయడం కూడా ఒక రకమైన వివక్షే, అందులో వారికి కలిగే కోపం న్యాయమైనదే. వెసులుబాటును దుర్వినియోగం చేసేవారూ ఉంటారు. వీటికి నాకు కనిపించే విరుగుడు, ఇచ్చే సర్దుబాటు ఏదైనా నలుగురికీ తెలిసేలా, గడువుతో, బదులుగా ఏ డ్యూటీ చేస్తారో రాసుకుని ఇవ్వడం. చాటుగా ఇచ్చిన ఉపకారమే తోటివారికి అనుమానం కలిగిస్తుంది. ఇక "ప్రొడక్షన్ ఆగిపోతది" అన్న మాట దగ్గర నాకు నవ్వు వస్తుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు సగం మంది సిబ్బంది కుటుంబాలతో సహా కదిలిపోతే, ఈ మిల్లులూ ఆసుపత్రులే నెల ముందు నుంచి డ్యూటీలు సర్దుకుని ఏ అంతరాయమూ లేకుండా నడుపుతున్నాయి. సర్దుబాటు చేయడం మన మేనేజర్లకు రాదని అనుకోవడానికి వీల్లేదు, అవసరమని అనిపించాలి అంతే.

ఆ అవసరం అనిపించడానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. గ్యాలప్ అనే సర్వే సంస్థ ఉద్యోగుల మనసు తెలుసుకోవడానికి ప్రపంచమంతటా వాడే పన్నెండు ప్రశ్నలలో ఒకటి, పనిచోట నన్నొక మనిషిగా పట్టించుకునేవారు ఉన్నారా అన్నది. పనిలో మనసు పెట్టడంలో ఒక బృందానికీ మరో బృందానికీ కనిపించే తేడాలో దాదాపు 70 శాతం ఆ బృందాన్ని నడిపే మేనేజరును బట్టే ఉంటుందని అదే సంస్థ చెబుతోంది. అంటే హైదరాబాదులోని హెడ్డాఫీసు పంపే పాలసీ కన్నా, ఇక్కడ డ్యూటీ చార్టు రాసే సూపర్‌వైజరు పెన్ను ముఖ్యం. ఆ చార్టు వారం ముందు కాక రెండు మూడు వారాల ముందు గోడ మీద పెడితే చాలు, సగం మంది తమ డాక్టరు అపాయింట్‌మెంట్లను తామే సర్దుకుంటారు, సెలవే అడగరు. ముఖ్యమైన మీటింగును సాయంత్రం ఆరు గంటలకు పెట్టే అలవాటు మానుకుంటే బడి నుంచి పిల్లలను తెచ్చుకునేవారు నిర్ణయాలకు దూరం కారు. అప్రైజల్ ఫారంలో కమిట్‌మెంట్, యాటిట్యూడ్ వంటి గడులకు మార్కు వేసేటప్పుడు, ఆ మార్కుకు కారణమైన పని ఏమిటో ఒక వాక్యం రాయాలన్న నియమం పెడితే, ‘ఇంట్లో సమస్యలున్నాయి’ అని రాయడానికి ఎవరికీ చేయి రాదు. ప్రమోషను ఇవ్వాల్సిన మనిషికి ఇంట్లో కష్టం ఉందని తెలిస్తే, కావాలా వద్దా అని ఆ మనిషినే అడిగి జవాబును కాగితం మీద పెట్టుకోవాలి. కాదంటే వారి ఇష్టం. వారి బదులు మనం కాదనకూడదు. సెలవు నుంచి తిరిగి వచ్చినవారిని వేరే సెక్షనుకు మార్చే ముందు కూడా ఇదే పద్ధతి పాటించాలి. నైట్ డ్యూటీ నుంచి మినహాయింపు అడిగిన మగవాడికి, అదే కారణంతో అడిగిన ఆడమనిషికి ఇచ్చే జవాబు ఒకటే అయి ఉండాలి.

ప్రభుత్వం, పరిశ్రమల వారు చేయాల్సిన పనులు కొన్ని మిగిలి ఉన్నాయి. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో దుస్తుల తయారీ యూనిట్లు పెరుగుతున్న కొద్దీ మహిళా కార్మికుల సంఖ్య పెరుగుతుంది. అక్కడ యూనిట్లన్నీ కలిసి ఉమ్మడి పిల్లల కేంద్రం నడపడానికి కోడ్ ఇచ్చిన అవకాశాన్ని రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ, కార్మిక శాఖ ఇప్పుడే వాడుకోవాలి. షెడ్లన్నీ వెలిశాక స్థలం లేదనడం మనకు అలవాటే. వరంగల్, హనుమకొండ జిల్లాల కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు హాజరు పట్టీ, పీఎఫ్ చలానాలతో పాటు, 50 మందికి పైబడిన సంస్థల్లో పిల్లల గది ఎక్కడుందో చూపించమని అడగాలి, ప్రసూతి హక్కుల వివరాలను నియామక సమయంలోనే రాతపూర్వకంగా ఇచ్చారా లేదా అన్నది కూడా చూడాలి. రాష్ట్ర ప్రభుత్వం తల్లిదండ్రుల సంరక్షణ గురించి తెస్తామన్న చట్టంలో, సంరక్షణ కోసం సర్దుబాటు కోరిన ఉద్యోగిని ఆ కారణంగా ప్రమోషను, ఇంక్రిమెంట్లలో వెనక్కి నెట్టకూడదన్న నిబంధనను కూడా చేర్చి, దానిని దుకాణాలు, సంస్థల చట్టం కిందికి వచ్చే ప్రైవేటు ఉద్యోగులకూ వర్తింపజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. బిల్లు ముసాయిదాపై అభిప్రాయాలు సేకరిస్తే ఉద్యోగ సంఘాలతో పాటు ఆసుపత్రుల, మిల్లుల యాజమాన్య సంఘాలను కూడా పిలిచి, ఆ నిబంధన అమలులో వారికి వచ్చే చిక్కులేమిటో ముందే వినాలని నా విన్నపం.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత పర్సనల్ ఆఫీసరు,
హనుమకొండ.